మా ఇంటి ఆడవాళ్ళ ఎడమ కాలు

నాకు అనుమానం ఎక్కువని అనకాపల్లిలో మా వీధి వీధంతా తెలుసు. జాకెట్టు గుడ్డ కుట్టమని ఎవరైనా తెస్తే, వాళ్ళ ముందే కొలిచి ఎంతుందో పైకి చెప్పి మరీ తీసుకుంటాను. రేపు "గుడ్డ మిగుల్చుకుంది" అన్న మాట నా మీదకి రాకూడదు. పాలవాడు నవ్వుతూ పలకరించాడంటే ఆ పూట పాలు పల్చగా ఉన్నాయని అర్థం. డాక్టరు "ఏం భయం లేదమ్మా" అన్నాడంటే భయపడాల్సింది ఏదో ఉందని అర్థం. అనుమానం పెనుభూతం అని మా ఆయన రోజుకోసారైనా అంటాడు. ఆ భూతమే నన్నిన్నాళ్ళూ కాపాడిందని నేనంటాను.

అలాంటిదాన్ని, నా సొంత కాలు వాచినప్పుడు మాత్రం ఏ అనుమానమూ పడలేదు. అదేమిటో నాకు ముందే తెలుసనుకున్నాను.

ఆ ఏడు మా అప్ప వాళ్ళ ఊరి ఆడవాళ్ళంతా బస్సు మాట్లాడుకుని తిరుపతి బయల్దేరారు. అప్ప అంటే మా అక్క. మేమిద్దరమే ఆడపిల్లలం, వెనకా ముందూ ఇంకెవరూ లేరు. ఆమెను మునగపాక దగ్గర చెరుకు పండించే ఇంటికి ఇచ్చారు. నన్ను ఈ అనకాపల్లికి, బెల్లం మార్కెట్లో పనిచేసే మనిషికి ఇచ్చారు. ఆ బస్సులో అప్ప నాకూ ఒక సీటు ఉంచింది. సీటుతో పాటు మాత్రలూ ఇచ్చింది.

ఆ మాత్రల సంగతి చెప్పాలి. మా అప్పకి మడి ఎక్కువ. గుడికెళ్ళే బస్సులో గానీ, పెళ్ళిలో గానీ, గృహప్రవేశంలో గానీ ఏ ఆడమనిషైనా ముట్టయితే, ఆమెకి అది కొంప మునిగినంత పని. అందుకని నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో తనే కొని, ఎవరికెప్పుడు తేదీ వస్తుందో అడిగి గుర్తుపెట్టుకుని, అందరికీ పంచేది. డాక్టరు చీటీ ఏదని అడిగిన షాపువాడు లేడు, ఎందుకని అడిగిన ఆడది లేదు. ఆ ఊళ్ళో శుభకార్యమంటే పిలుపుల కన్నా ముందు మా అప్ప మాత్రలొచ్చేవి. ప్రసాదంలా కళ్ళకద్దుకుని మింగేవాళ్ళం. పాలని, పప్పుని, చుట్టాలని అనుమానించే నేను కూడా, దేవుడి కోసమే కదా అని మింగేశాను.

తిరిగొచ్చాక కొద్దిరోజులకే ఎడమ పిక్క పట్టేసింది. బస్సులో అంతసేపు కూర్చున్నాను కదా, నరం పట్టి ఉంటుందనుకున్నాను. మర్నాటికి పాదం నుంచి మోకాలు దాకా వాచి, చర్మం మెరుస్తూ బిగిసిపోయింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అప్పుడు తలుపేసుకుని మంచం మీద కూలబడ్డాను. వచ్చేసింది, అమ్మది నాకొచ్చేసింది అనుకున్నాను.

మా వైపు ఒక్క కాలు వాచి ఉండిపోతే దానికి ఒకటే పేరు, బోదకాలు. అది రాకుండా ఏటా ఆరోగ్యశాఖ వాళ్ళు ఇంటింటికీ మాత్రలు తెచ్చి, ఎదురుగా నిలబడి మింగమంటారు. వీధిలో సగం మంది బుగ్గన పెట్టుకుని, వాళ్ళు మలుపు తిరగ్గానే ఉమ్మేస్తారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఉమ్మేవారు కాదు. ఎందుకంటే మా అమ్మ ఎడమ కాలు నేను పుట్టినప్పటి నుంచీ వాచే ఉండేది. పురిటి మంచం మీద నుంచి ఆ కాలుతోనే లేచిందట. ఆ తర్వాత అమ్మ చీర ఎప్పుడూ మడమ దాటి నేల మీద జీరాడుతూ ఉండేది. చెరుకు తోటలో కూడా చీర పైకి దోపేది కాదు. "కాలు సంగతి ఎవులికీ సెప్పకండి. మీకు సంబంధాలు రావు," అనేది మా ఇద్దరితో. బోదకాలు వంశంలో దిగుతుందని జనం నమ్మకం. ఆ నమ్మకానికి భయపడి మా అమ్మ బతుకంతా ఒక కాలు దాచుకుంది. ముసలితనంలో తుంటి ఎముక విరిగి కొన్నాళ్ళు మంచం మీదుంది. ఒకరోజు పొద్దున లేచి కూర్చుని, మంచినీళ్ళడిగి, అవి వచ్చేలోపే ఊపిరాడక పోయింది. గుండెపోటన్నారు. మా అమ్మమ్మ కూడా అలాగే, బాలింతగా ఉండగా, పిల్లకి పాలిస్తూ ఒరిగిపోయిందట. గాలి సోకిందన్నారు. అమ్మ చావుకి గుండె, అమ్మమ్మ చావుకి గాలి, కాలికి దోమ. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకుని ఊరుకున్నాం.

నేనూ దాచేదాన్నే. కానీ మా ఆయన నా నడక చూసి పట్టేశాడు. వాపు రాకముందే నరం పట్టిందని పక్కింటావిడ చేత నూనె రాయించి గట్టిగా రుద్దించుకున్నానని చెబితే, ముందు తిట్టి తర్వాత ఆటో పిలిచాడు. అలా రుద్దడం ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలీదు. ఇక్కడి డాక్టరు చూసి, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం వెళ్ళి స్కాన్ తీయించుకోమన్నాడు. ఎందుకంత తొందర, ఆ స్కాన్ వాళ్ళతో ఈయనకేమైనా పొత్తుందా అని దారి పొడుగునా మా ఆయన్ని సతాయించాను.

విశాఖపట్నంలో చూసిన డాక్టరు ఆడమనిషి, నాకన్నా చిన్నది. "ఇది బోదకాలు కాదండి. కాలి లోపల పెద్ద సిరలో రక్తం గడ్డకట్టింది," అంది. నేను నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో చూసిన జబ్బు నాకు తెలీదా, నిన్నగాక మొన్న చదువుకొచ్చిన ఈమెకి తెలుసా?

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా కాలు వాచిందా?" అని అడిగింది.

"అలాటిదేం నేదండి," అన్నాను వెంటనే. అమ్మ నేర్పిన జవాబు అది.

డాక్టరు కలం పక్కన పెట్టి నా మొహం చూస్తూ కూర్చుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే చీర కుచ్చెళ్ళు సర్దుకున్నాను. మాట్లాడేవాళ్ళని ఎదుర్కోవడం నాకొచ్చు గానీ, మాట్లాడకుండా చూసేవాళ్ళతో వేగలేను. కాసేపటికి అమ్మ కాలు, అమ్మమ్మ చావు, తిరుపతి బస్సు, మాత్రలు అన్నీ కక్కేశాను. మాత్రల దగ్గర ఆమె కనుబొమలు పైకి లేచాయి.

ఆమె చెప్పింది నాకర్థమైనంత వరకూ ఇదీ. దెబ్బ తగిలితే కారిపోకుండా రక్తాన్ని గడ్డకట్టించే సరుకు ఒంట్లో ఉంటుంది. అది హద్దు దాటకుండా ఆపే సరుకూ ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఆ ఆపేది పుట్టుకతోనే తక్కువ. అలాంటివాళ్ళకి మామూలు రోజుల్లో ఏమీ తెలీదు. కాన్పు, ఆపరేషను, కదలకుండా మంచం పట్టడం, గంటల తరబడి బస్సులో కూర్చోవడం, నేను మింగినటువంటి మాత్రలు, వీటిలో ఏదైనా తోడైతే కాలిలో గడ్డ కడుతుంది. ఆ గడ్డ విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి కూర్చున్నచోటే పోవచ్చు. "మీ అమ్మగారు, అమ్మమ్మగారు అలాగే పోయి ఉండొచ్చు. ఇప్పుడు తేల్చి చెప్పలేం," అంది.

వెంటనే రక్తపరీక్ష చెయ్యమన్నాను. ఇప్పుడు చేస్తే తప్పు చూపిస్తుందంది, గడ్డ కట్టినప్పుడూ, రక్తం పల్చన చేసే ఈ మందులు వాడుతున్నప్పుడూ సరిగ్గా రాదట. తప్పు చూపించే పరీక్ష ఎందుకు పెట్టుకున్నారని అడిగాను. మా ఆయన తల పట్టుకున్నాడు. కొన్ని నెలలయ్యాక, మింగే మందు ఆపి, ఆ మధ్యలో పొట్టకి సూదిమందు ఇచ్చి రక్తం తీశారు. ప్రొటీన్ ఎస్ అనేది తక్కువుందన్నారు. నేను నమ్మనని తెలుసో ఏమో, వాళ్ళే ఇంకోసారి తీశారు. మళ్ళీ తక్కువే.

ప్రొటీన్ తక్కువంటే తిండి లోపమేనని మా ఆయన ఆ రోజు నుంచీ గుడ్లు మొదలెట్టాడు. పొద్దున రెండు, సాయంత్రం రెండు. పప్పు గట్టిగా, సెనగలు నానబెట్టినవి. నాకు తేనుపులొచ్చాయి గానీ ప్రొటీన్ రాలేదు. పేరులో ప్రొటీన్ ఉన్నంత మాత్రాన అది గుడ్లలో దొరికేది కాదని, తాత ముత్తాతల నుంచి వచ్చే లోటు తింటే తీరదని డాక్టరు చెప్పాక గానీ మా ఇంట్లో కోళ్ళఫారం మూతపడలేదు.

ఇంతలో ఎరువుల షాపులో మా ఆయన స్నేహితుడొకడు, నేను మింగే రక్తం పల్చన చేసే మందు ఎలకల మందు జాతిదేనని చెవిన వేశాడు. నేను ఊరుకుంటానా? మాత్రల అట్ట తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టాను. "ఎలకల మందు పెడతన్నారంట కదండీ నాకు," అన్నాను. ఆమె నవ్వేసింది. "ఒక జాతిదే. ఎక్కువైతే రక్తం కారిపోతుంది, తక్కువైతే గడ్డకడుతుంది. అందుకే చెప్పినప్పుడల్లా వచ్చి రక్తం చూపించుకోమంటున్నాను. మీకున్న అనుమానం ఈ మందుకి మంచిదే. మాత్ర రంగు మారినా అడగండి, ఎవరు ఏ కొత్త మందిచ్చినా అడగండి," అంది. నా అనుమానానికి మంచి మాట దొరకడం జీవితంలో అదే మొదటిసారి. అప్పటి నుంచి పన్ను పీకించుకోవాలన్నా, దగ్గుకి మందు కొనాలన్నా ముందు నా మందు పేరు చెబుతున్నాను. కీళ్ళనొప్పులకని ఎవరో ఇచ్చిన కషాయం సింకులో పోశాను. ఆకుకూరలు ఒకవారం మానేసి, ఇంకోవారం గంపలకొద్దీ తినడం పనికిరాదన్నారని, తోటకూరైనా గోంగూరైనా వారానికి ఇంతేనని పెట్టుకున్నాను. కాలికి బిగుతు మేజోడు తొడుక్కుంటున్నాను. మిషను మీద కొంచెంసేపు కుట్టగానే లేచి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాను. ఎవరి గుట్టు కనిపెడుతున్నానో అని ఎదురింటివాళ్ళు తలుపేసుకుంటారు.

ఒకరోజు డాక్టరు నన్ను ఇంకో మాట అడిగింది. "పిల్లలెందరు?" అంది. నాకు పిల్లలు నిలవలేదు. కడుపు పండినట్టే పండి నెలలు నిండక ముందే పోయేది. ఒకసారి కాదు. మా అత్తగారు నా జాతకాన్ని అనుమానించింది, నేను ఆమె పెట్టిన తిండిని అనుమానించాను. ఇద్దరం ఒకే కప్పు కింద చాలా ఏళ్ళు అలా బతికాం. "ఈ లోటు వల్ల కూడా కావచ్చు. కచ్చితంగా చెప్పలేను," అంది డాక్టరు. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని ఏడ్చాను. జాతకం కాదు, అత్తగారి అన్నం కాదు. ఎవరి మీదా పెట్టడానికి లేకుండా పోయింది.

ఆ ఏడుపులోనే మా అప్ప కూతురు గుర్తొచ్చింది. ఈ లోటు తల్లికుంటే పుట్టిన ప్రతి పిల్లకీ అది వచ్చే అవకాశం సగానికి సగమని డాక్టరు చెప్పింది. నాకుంది కాబట్టి అప్పకీ ఉండొచ్చు. అప్పకుంటే ఆ పిల్లకీ ఉండొచ్చు. ఆ పిల్ల మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. ఇప్పుడు అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో ఉద్యోగం. నాకు కూతురంటే అదే. పెళ్ళి కుదిరింది, ముహూర్తం పెట్టేశారు. దాని నెలసరి తేదీలు నాకు తెలుసు. ముహూర్తం సరిగ్గా వాటి మధ్యలో పడింది. మా అప్ప ఏం చేస్తుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

మర్నాడే మునగపాక బస్సెక్కాను.

"అప్పా, ఆ మాత్రలు పిల్లకి ఇయ్యకు," అన్నాను చెప్పులు విడవకుండానే.

"ఏ మాత్రలే?"

"నాకు తిరుపతికి ఇచ్చినవి. ఆటివల్లే నా కాలిలో గెడ్డ కట్టింది."

అప్ప చేతిలో చాట కింద పెట్టింది. "బస్సులో ఉన్న ఆడోళ్ళందరూ మింగేరు. నీ ఒక్కదానికే గెడ్డ కట్టిందా? నీ కాలు తెచ్చి నా నెత్తిన పెట్టకు."

"నీ నెత్తిన కాదు. మన రగతమే అలాటిది. పెళ్ళికి ముందే పిల్లకి పరీక్ష సేయిద్దాం. అది తేలీదాకా ఆ మాత్రలు ఇయ్యొద్దని డాక్టరు మరీ మరీ సెప్పింది."

"పెళ్ళి పెట్టుకుని పిల్లకి రగత పరీక్షా? లేబులో కూకున్నామె మగపెళ్ళోరికి సుట్టం. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతాది. నోరు మూసుకుని టీ తాగి ఎల్లు."

మాట్లాడుతూ లోపలికెళుతుంటే ఆమె చీర చూశాను. నేల ఊడ్చేస్తోంది. మా అప్ప చీర ఎప్పటి నుంచి అలా కడుతోంది? ఇన్నేళ్ళుగా నేనది పద్ధతి అనుకున్నాను, వయసు అనుకున్నాను. ఊరందరి గుడ్డలూ కొలిచే నాకు, తోడబుట్టినదాని చీర అంచు ఎక్కడుందో కనబడలేదు. టీ తాగకుండానే తిరుగు బస్సెక్కాను.

అడిగితే చెప్పదు, చూపించమంటే చూపించదు. పసుపు దంచే రోజు కోసం కాచుకున్నాను. మా వైపు ఆ రోజు ముత్తైదువలంతా చాప మీద కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుంటే, ఒకరు పసుపు గిన్నె పట్టుకుని అందరి పాదాలకీ రాస్తారు. మామూలుగా నేను ఆ పనికి ముందుకు రాను, నడుం పడుతుంది. ఆ రోజు మాత్రం గిన్నె ముందే లాక్కున్నాను. ఒక్కొక్కరికీ రాసుకుంటూ అప్ప దగ్గరికొచ్చాను. "నాకొద్దే, పొయ్యి మీద పనుంది," అని లేవబోయింది. "పెళ్ళికూతురి తల్లి కాళ్ళకి పసుపు లేకపోతే ఎలాగమ్మా," అని పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టి కూర్చోబెట్టేశారు.

ముందు కుడి పాదానికి రాశాను. ఎడమ పాదం పట్టుకుని, అంచుకి పసుపు అంటకూడదన్నట్టు చీర కాస్త పైకి జరిపాను. అమ్మ కాలే. చీలమండ దగ్గర చర్మం నల్లబడి, మందమెక్కి, పిక్క రెండింతలుంది. బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. తల ఎత్తితే అప్ప నన్నే చూస్తోంది. పైకి నవ్వుతూనే నా భుజం మీద చెయ్యి వేసింది, గోళ్ళు దిగబడ్డాయి. నేను చీర దించేసి, పాదానికి పసుపు రాసి, పక్కావిడ దగ్గరికి జరిగాను. ఆ క్షణంలో నాకు జాలి వెయ్యలేదు. దొంగ దొరికినంత కోపం వచ్చింది.

పెరట్లో దొరకబుచ్చుకున్నాను.

"బోదకాలే," అంది అప్ప, నేను అడక్కముందే. "పిల్ల పుట్టినాక వచ్చింది. మీ బావకి తప్ప ఎవులికీ తెలవదు. నువ్వు అరవకు."

"బోదకాలు దోమ కుడితే వత్తాది అప్పా. అమ్మకి, నీకు, నాకు ముగ్గురికీ ఎడం కాలే సూసుకుని కుట్టిందేటి దోమ? అమ్మకి నీకు పురుటికే కుట్టిందా?"

 అప్ప పసుపు చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అమ్మమ్మ పురిట్లోనే కదా పోయింది," అన్నాను.

"ఇయ్యనులే," అంది.

మా అప్ప అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. "నూకాలమ్మ మీద ఒట్టెయ్యి," అన్నాను. "శుభమా అని పెళ్ళి సేసుకుంతుంటే అమ్మోరి పేరెత్తకు," అని లోపలికెళ్ళిపోయింది. ఒట్టు వెయ్యలేదు. అంటే ఇస్తుందనే కదా!

మునగపాకలో మందుల షాపుకి వెళ్ళి, నాకే కావాలన్నట్టు ఆ మాత్రలు అడిగాను. "మీ అప్పగారు మొన్నే పెళ్ళికని అందరికీ పట్టుకెళ్ళేరు కదండీ," అన్నాడు షాపతను. పిల్లకి ఫోన్ చేసి, అమ్మ మాత్రలేమైనా ఇచ్చిందా అని అడిగాను. "లేదు పిన్నీ," అంది. అడిగీ అడగ్గానే అంది. మింగొద్దని చెప్పబోయేలోపే వెనకనుంచి అప్ప గొంతు వినబడింది, ఫోన్ పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా అప్పే ఎత్తింది.  పెళ్ళికూతురి జాకెట్టుకి చేతులు తప్పు కుట్టి, విప్పి మళ్ళీ కుట్టాను.

పెళ్ళి పగటి ముహూర్తం. జాకెట్టు తీసుకుని పొద్దున్నే వెళ్ళాలనుకున్నాను, ఆటో దొరక్క ఆలస్యమైంది. నేను దిగేసరికి పిల్ల గౌరీపూజ దగ్గర కూర్చుని ఉంది. పక్కనే అప్ప అక్షింతల పళ్ళెం పట్టుకుని నిలబడింది, మొహంలో ఏ భావమూ లేదు.  తేదీ ప్రకారం పిల్ల బయట ఉండాలి. బయట ఉన్న పిల్లని మా అప్ప గౌరీపూజకి కాదు కదా, దేవుడి గది గడప దగ్గరికి కూడా రానివ్వదు. పూజలో కూర్చుందంటే తేదీ జరిపేశారు. జరపడానికి దారి ఒకటే.

పూజ అయ్యేదాకా ఎలా నిలబడ్డానో నాకే తెలీదు. పిల్ల కాళ్ళకేసి, పిల్ల ఊపిరికేసి చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత అప్ప మోచెయ్యి పట్టుకుని, బియ్యం బస్తాలున్న గదిలోకి లాక్కెళ్ళి తలుపేశాను.

"ఇచ్చేసేవు కదా," అన్నాను. "కన్నతల్లివేనా నువ్వు? నా కాలు సూసేవు, నీ కాలు నీకు తెలుసు, అయినా ఇచ్చేసేవు. మడి కోసం పిల్లని సంపుకుంతావా?"

"నానేటీ ఇయ్యలేదు," అంది అప్ప.

"మరి పూజలో ఎలాగ కూకుంది?"

"నిన్న మద్దేనమే ముట్టయింది."

నాకు అర్థం కాలేదు. "మరి గౌరీపూజ?" అన్నాను మళ్ళీ.

"నానే కూకోబెట్టేను." గొంతు చాలా తగ్గించింది. "ఎవులికీ తెలవదు. దానికి, నాకు, ఇప్పుడు నీకు."

మా అప్ప! బస్సులో ఒకామె ముట్టయితే పసుపునీళ్ళతో సీట్లన్నీ కడిగించిన మనిషి.

"షాపులో కొన్నావని సెప్పేడు," అన్నాను. నా నోరు ఇంకా అనుమానం వదల్లేదు.

"కొన్నాను. దానికీ ఇద్దామనే కొన్నాను. సేతిలో పెట్టుకుని దాని మంచం కాడికెల్లేను. నిద్దరోతంది. కాళ్ళు సూసేను. ఇయ్యలేకపోయేను. దేవుడికి కోపమొత్తే నా మీద వత్తాది. పిల్లకి సెప్పేను, పాపమంతా నాదే, నువ్వు కూకో అని. ఆ మాత్ర ఎల్లి లోపల గెడ్డ కట్టిందంటే నా పిల్లని ఎవులు తెచ్చిత్తారే?"

  నేను ఆమె చేతిలోని అక్షింతల పళ్ళెం అందుకున్నాను. ఇంతలో బయట నుంచి ఎవరో తలుపు కొట్టారు, పురోహితుడు పిలుస్తున్నాడని. బయటికొస్తే మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ ఒకామె, "పిల్ల మొహం అలా వాడిపోయిందేటమ్మా?" అని నన్నే అడిగింది. ఆమె కళ్ళల్లో అనుమానం నాకు బాగా తెలిసిన సరుకే. "రాత్రంతా గోరింటాకు, నిద్దరెక్కడిది?" అన్నాను ఠక్కున. ఆ రోజు తాళి కట్టేదాకా పెళ్ళికూతురి పక్క నుంచి నేను కదల్లేదు, ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

పెళ్ళయిన కొన్నాళ్ళకి తల్లినీ కూతుర్నీ విశాఖపట్నం తీసుకెళ్ళాను. భర్తకి పిల్లే మొత్తం చెప్పుకుంది. అతను ఫోన్లో వెతికి నాకన్నా ఎక్కువ తెలుసుకుని, నాకే పాఠం చెప్పబోయాడు. అంత తొందరగా అర్థం చేసుకున్న అల్లుణ్ణి చూస్తే నాకు కొంచెం అనుమానమే, కానీ ఇప్పటిదాకా ఏమీ దొరకలేదు. అప్ప కాలు స్కాన్ చేసి, ఏళ్ళ కిందటి పాత గడ్డ గుర్తులున్నాయన్నారు. ఆమెకీ మేజోడు, మందూ వచ్చాయి. పిల్ల రక్తం ఒకసారి తీసి, నిర్ధారణ కోసం మళ్ళీ రమ్మన్నారు.

ఆ మధ్యలోనే మా అప్పలో ఏదో తేడా కనిపెట్టాను. వెళ్ళినప్పుడల్లా దేవుడి గదిలో దీపం కోడలి వరసామె ఎవరో పెడుతోంది. అప్ప గడప ఇవతలే ఉంటోంది. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడికి రమ్మంటే కాలు నొప్పన్నది. కాలు నొప్పి పెరిగిందేమో, మళ్ళీ గడ్డ కట్టిందేమో, మందు మింగడం లేదేమో అని అట్టలు తీసి చూశాను. మాత్రలు సరిగ్గానే అయిపోతున్నాయి. ఊపిరి ఆడుతోందా, గుండెలో నొప్పుందా అని పోలీసులా అడిగాను. "ఏటీ నేదు, ఎల్లు," అనేది. పొరుగూరి పెళ్ళికి మాత్రలు తెమ్మని ఎవరో వస్తే, డాక్టర్ని అడగండని తిప్పి పంపేసిందని తెలిసింది. అదీ వింతగానే ఉంది. ఎంత తవ్వినా నాకు ఏమీ దొరకలేదు.

రెండో పరీక్ష ఫలితం నాకే ఫోన్ చేసి చెప్పారు. పిల్లకీ తక్కువే. ఇప్పుడు మందులేవీ అక్కర్లేదు, కానీ ఆ నెలసరి మాత్రలు ఎప్పుడూ వాడకూడదు, కడుపుతో ఉన్నప్పుడు మొదట్లోనే వచ్చి చూపించుకోవాలి, కాన్పు ముందూ వెనకా సూదిమందు అవసరం కావచ్చు అన్నారు. జాగ్రత్తగా ఉంటే అందరిలాగే బతుకుతుంది, పిల్లల్ని కంటుంది అన్నారు. ఆ చివరి మాట నేను మళ్ళీ చెప్పించుకున్నాను.

అప్పకి ఎలా చెప్పాలో తెలియక కాసేపు మిషను ముందు కూర్చున్నాను. తల్లి కదా, తన రక్తమే పిల్లకి ఇలా ఇచ్చిందని కుమిలిపోతుందనుకున్నాను. చివరికి ఫోన్ చేశాను.

"అప్పా, పిల్లకీ ఉందంట," అన్నాను.

మందులక్కర్లేదన్నారని, జాగ్రత్తగా ఉంటే పిల్లల్ని కంటుందన్నారని కూడా చెప్పాను. 

"అయితే," అంది మెల్లగా, "ఆ మాత్రలు ఇచ్చుంటే పిల్ల పోయేదేమో."

"పోయేదేమో. మంచిపని సేసేవు."

"ఆ రోజు నుంచీ దేవుడి గది గడప తొక్కలేకపోతన్నాను. అయితే గౌరీదేవి ముందర నాను సేసింది తప్పు కాదంతావా?"

"కాదప్పా," అన్నాను.

అప్పుడు మా అప్ప ఏడవడం మొదలుపెట్టింది. అప్పగింతలప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి.